మొదటి గీత రోడ్డు మీద

చిక్కడపల్లి,
హైదరాబాద్.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన బొమ్మలు అందాయి. ఫోనులో సరిగా ఆనడం లేదని ఎదురింటి కుర్రవాడి కంప్యూటర్‌లో పెట్టించుకుని చూశాను. బాగున్నాయి. మరీ బాగున్నాయి, నా భయమూ అదే. మెట్రో కొత్త మార్గం స్టేషన్లు గీసే బృందంలో చేరి మూడు నెలలైనా కాలేదు, అప్పుడే ఒక కప్పు చార్మినార్ కమానులా, ఇంకొకటి విచ్చుకున్న ముత్యపు చిప్పలా గీసేశావు. హైదరాబాద్ అనగానే కమాను, ముత్యం. బిర్యానీ హండీ ఒక్కటే తక్కువైంది! మీ అత్తయ్య చిప్పను అటూ ఇటూ చూసి, "ఇందులో మనుషులందరూ చేతులు ఊపుకుంటూ నడుస్తున్నారే, వీళ్ల సంచులు ఎవరు మోస్తున్నారు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గర ఉందేమో చూసుకో.

సలహా అడిగావు గనుక ముందు నా తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక బస్సు షెల్టరు గీశాను. సన్నటి రెండు స్తంభాల మీద, నాలుగున్నర మీటర్ల ఎత్తున, గాలిలో తేలే రెక్కలాంటి కప్పు. పై అధికారి మెచ్చుకున్నాడు. ఫొటో తీయించి ఆఫీసు గోడకు తగిలించారు. జూలైలో మొదటి పెద్ద వాన పడిన సాయంత్రం అటుగా వెళ్తే, నా షెల్టరు కింద పది పదిహేనుమంది గొడుగులు వేసుకుని నిలబడి ఉన్నారు. వాన నిటారుగా పడుతుందనుకుని గీశాను. గాలివాన ఏటవాలుగా కొడుతుంది. కప్పు ఎంత ఎత్తో దాదాపు అంత దూరం లోపలికి జల్లు వస్తుంది. పక్కనే పాన్ డబ్బా రేకుల చూరు కింద ఒక్క చుక్క లేదు. అక్కడ చోటు దొరకనివాళ్లే నా దగ్గరకు వచ్చారని తరవాత తెలిసింది. ఆ ఫొటోను గోడ మీద నుంచి నేనే దించాను.

అందుకని, అమ్మాయీ, కప్పు ఆఖరున గీయి. మొదటి గీత రోడ్డు మీద, ఆటో దిగిన మనిషి కాలు మోపే చోట పడాలి. అక్కడి నుంచి రైల్లో సీటు దాకా ఆ మనిషిని వదలకుండా వెంబడించు. స్టేషను అంటే ఆ నడకే. మిగతాదంతా దాని మీద వేసే పందిరి.

మా స్టేషన్‌నే చూడు. మా ఆకుపచ్చ మార్గం 2020 ఫిబ్రవరిలో తెరిచారు, జేబీఎస్ (జూబ్లీ బస్‌స్టేషన్) నుంచి ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్‌స్టేషన్) దాకా సుమారు 11 కిలోమీటర్లు. మెట్రో మొత్తం 2017 నవంబరులో మియాపూర్ దగ్గర మొదలై, దీనితో కలిపి మూడు మార్గాలు, 57 స్టేషన్లు, 69 కిలోమీటర్లు అయింది. మా మార్గం అన్నింటిలోకీ చిన్నది, కానీ రెండు కొసలా రెండు పెద్ద బస్‌స్టేషన్లు ఉన్నాయి. అంటే ఇందులో ఎక్కేవాళ్లలో చాలామంది ఊరి నుంచి వచ్చినవాళ్లు, ఊరికి వెళ్లేవాళ్లు. బియ్యం మూట, మామిడికాయల బుట్ట, చంకలో పిల్ల. తనిఖీ యంత్రం బెల్టు మీదకు మూట ఎత్తాలంటే ఆ బెల్టు నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలో నీ బొమ్మలో ఎక్కడా లేదు. టికెట్ గేటులో మనిషి పడతాడు. మనిషీ మూటా కలిసి పడతారా? ప్రతి స్టేషన్‌లో ఒక వెడల్పు గేటు పెట్టాం అంటారు. అది చివర మూలన ఉంటే, మూటతో ఉన్నవాడు మూడు గేట్ల దగ్గర ఇరుక్కున్నాకే దాన్ని కనుక్కుంటాడు.

ఇక మోకాళ్ల సంగతి. ఈ ముక్క నీకు ఏ పుస్తకంలోనూ దొరకదేమో. డబ్బు చాలనప్పుడు మీ ఇంజనీర్లు ఏమంటారంటే, ఎక్కడానికి ఎస్కలేటర్ పెడదాం, దిగడానికి మెట్లు చాలు అంటారు. పడుచువాళ్ల లెక్క అది. నా వయసువాళ్లను అడుగు: ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగి ఎక్కుతాం. దిగేటప్పుడే మోకాలు పట్టేస్తుంది, ఒళ్లంతా ఆ ఒక్క కీలు మీద పడుతుంది. ఒక్క ఎస్కలేటర్‌కే డబ్బు ఉంటే అది ఎటు నడవాలో నిర్ణయించే ముందు, ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట ఏదైనా స్టేషన్ మెట్ల కింద నిలబడి, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని పక్కవాటుగా దిగేవాళ్లను లెక్కపెట్టు. లిఫ్టు రోడ్డుకు రెండు పక్కలా ఉండాలి. ఒకవైపే ఉంటే, చేతికర్ర పట్టుకున్న మనిషి లిఫ్టు కోసం ఆరు వరసల వాహనాల మధ్య నుంచి రోడ్డు దాటాలి.

మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు, వెడల్పు 30 పెట్టుకో, ఎవరెన్ని చెప్పినా కదలకు. కుచ్చిళ్లు ఒక చేత్తో, పిల్లను ఇంకో చేత్తో పట్టుకున్న ఆవిడకు మెట్టు కనిపించదు, కాలితో వెతుక్కుంటుంది. ప్రతి మెట్టూ ఒక్కలాగే ఉంటే కాలికి లెక్క అందుతుంది. ఆఖరి మెట్టు ఒక అంగుళం తేడా వస్తే పడిపోతుంది. ఆ అంగుళం ఎప్పుడూ ఆఖరి మెట్టులోనే వస్తుంది, ఎందుకంటే రోడ్డు వేసేవాళ్లు వేరు, మెట్లు కట్టేవాళ్లు వేరు.

నేలకు నల్లరాయి వేద్దామన్నావు. మంచిదే, మన దగ్గర దొరికే రాయి. కాని అద్దంలా నున్నగా పట్టించకు. మంటతో కాల్చి గరుకు చేసిన రాయి వేయించు. తడి చెప్పులతో నున్నటి రాయి మీద నేను జారిన సంగతి మీ అమ్మకు తెలుసు, నన్ను మళ్లీ చెప్పించకు.

ఇక్కడి స్టేషన్ల ఎముకల గూడు గురించి ఒక మంచి మాట చెప్పాలి. రోడ్డు మధ్యలో ఒకే వరస స్తంభాలు, వాటి నుంచి రెండు వైపులా చేతులు చాచినట్టు ప్లాట్‌ఫారాలు. అంత బరువున్న స్టేషను కింద రోడ్డు ఎక్కువ మింగకుండా నిలబడింది. అచ్చుల్లో పోసిన కాంక్రీటు ముక్కలను తెచ్చి పైన కూర్చారు, అందుకే ట్రాఫిక్ మధ్యలోనే పని జరిగింది. నాకు ఆ పని మీద గౌరవం ఉంది. కాని ఆ చాచిన చేతుల కింద ఏముందో కూడా స్టేషన్‌లో భాగమే. వాన వస్తే స్కూటర్లన్నీ అక్కడే ఆగుతాయి, చాయ్ బండి అక్కడికే వస్తుంది. 2019 సెప్టెంబరులో అమీర్‌పేట స్టేషను కింద వానకు తలదాచుకున్న ఒక యువతి మీద పెచ్చు ఊడిపడి ఆమె చనిపోయింది. టికెట్ కొననివాళ్లు కూడా నీ స్టేషన్‌ను వాడుకుంటారు, తల్లీ. కింది తలాన్ని చేత్తో తట్టి చూసే దారి, అక్కడికి మనిషి నిచ్చెనతో చేరే దారి నక్షాలోనే ఉండాలి. హారన్ల మోత అక్కడే తగిలి తిరిగి వస్తుంది గనుక, శబ్దాన్ని పీల్చే పూత గురించి కూడా అడుగు. పైన రైలు ప్రకటన ఎవరికీ అర్థం కాకపోవడానికి సగం కారణం ఆ మోతే.

పావురాల గురించి ఎవరూ నీకు చెప్పి ఉండరు. చదునుగా అరచేతి వెడల్పు అంచు ఎక్కడ వదిలినా ఈ ఊళ్లో అది పావురాలదే. అంచులన్నీ ఏటవాలుగా గీయి. స్టీలు బెంచీలు ఎండ తగిలేచోట వద్దు. ఏప్రిల్ మధ్యాహ్నం దాని మీద కూర్చున్నవాడు వెంటనే లేస్తాడు.

లైట్ రైల్ గురించి అడిగావు, అంటే రోడ్డు మీదే పట్టాలపై నడిచే ట్రామ్ లాంటి బండి. అందులో 'లైట్' అన్నది మోసే జనం మెట్రో కంటే తక్కువనే అర్థంలో. మన మెట్రోకు దానికీ పెద్ద తేడా నేల ఎత్తులో ఉంది. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ అనే ఊరు 1987లో కొత్త ట్రామ్ నడిపింది. చక్రాల కుర్చీ వాడేవాళ్ల సంఘాలను కూర్చోబెట్టుకుని ఆ బండి గీశారు. నేలను రోడ్డు నుంచి సుమారు 35 సెంటీమీటర్లకు దించేశారు. దానితో స్టేషను అనేదే ఒక ఎత్తైన ఫుట్‌పాత్‌గా మారిపోయింది: మెట్లు లేవు, లిఫ్టు లేదు, పాడైన ఎస్కలేటర్ లేదు. మన రోడ్ల మీద అలాంటిది నడపాలంటే దానికి విడిగా దారి వదలాలి, వదలం. అందుకే మనం ఆకాశంలో కట్టుకుంటున్నాం. కాని పద్ధతి మాత్రం అక్కడి నుంచి తెచ్చుకో. వాళ్లు బండి ముందు గీసి మనుషులను తరవాత ఎక్కించలేదు.

ప్లాట్‌ఫారం వంపులో పడితే ఒప్పుకోవద్దు. బోగీ వంగని తిన్నటి కర్రలాంటిది, వంపు పక్కన నిలబడితే ఎక్కడో ఒకచోట అంచుకూ తలుపుకూ సందు పెరిగి తీరుతుంది. నా చేతికర్ర మొన ఆ సందులోకి వెళ్తే నేనూ దాని వెంటే వెళ్తాను. నేల మీద పరిచే పసుపు పలకల విషయంలోనూ అంతే జాగ్రత్త. 1967లో జపాన్‌లోని ఒకాయామాలో మొదట పరిచిన పలకలవి. గీతలుంటే నడువు, చుక్కలుంటే ఆగు. చూపు లేనివాళ్లు కాలితో చదివే అక్షరాలు. మన దగ్గర వాటిని పసుపు రంగు అలంకారం అనుకుని తీసుకెళ్లి స్తంభానికి గుద్దించిన చోట్లు నేను చూశాను.

ఇప్పుడు బోర్డులు. ఇక్కడ నాకు కోపం వస్తుంది, భరించు. ఆంగ్లంలో గీసిన బోర్డు తెచ్చి, మిగిలిన సందులో తెలుగు ఇరికిస్తారు. 'చిక్కడపల్లి' అని రాసి చూడు. పైన గుడి, కింద కవత్తు, మళ్లీ లవత్తు, దాని మీద ఇంకో గుడి. ఆంగ్ల అక్షరం ఎత్తులోనే దీన్ని కూర్చాలంటే అసలు అక్షరం సగానికి చిక్కిపోతుంది, వత్తు కింది గీతలో కలిసిపోతుంది. తెలుగు వరసకు ఎత్తు ఎక్కువ ఇచ్చి, ఆంగ్లాన్ని దానికి తగ్గట్టు సర్దు. చుక్కల దీపాల బోర్డు మరీ దారుణం: ఆంగ్ల అక్షరం అయిదు చుక్కల వెడల్పు, ఏడు చుక్కల ఎత్తులో ఇమిడిపోతుంది. ఆ ఏడు చుక్కల్లో ప, ఫ, ష మూడూ అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి. చదవడమే రానివాళ్ల సంగతీ ఉంది. మెక్సికో నగరంలో 1969లో మెట్రో తెరిచినప్పుడు ప్రతి స్టేషన్‌కూ ఒక బొమ్మ గుర్తు పెట్టారు. కరీంనగర్ బస్సు దిగి జేబీఎస్‌లో రైలెక్కే ముసలమ్మకు, "ఫలానా బొమ్మ కనపడితే దిగు" అని కొడుకు చెప్పి పంపవచ్చు. నీ ముత్యపు చిప్పను అక్కడ వాడుకో, నాకేమీ అభ్యంతరం లేదు.

రైలు లోపలి గురించి కొంచెమే చెబుతాను, ఎందుకంటే దాన్ని కాగితం మీద తేల్చలేం. ఇప్పటి బోగీలు కొరియా కంపెనీ హ్యుందాయ్ రోటెమ్ చేసినవి, మూడేసి బోగీల రైళ్లు. జనం లోపలికి జరగరని అందరూ విసుక్కుంటారు. జరిగితే పట్టుకోవడానికి ఏముంది? తలుపు దగ్గర స్తంభం ఉంది, అందుకే అక్కడ నిలబడతారు. నడిమధ్యన పైనుంచి వేలాడే పిడి మీ అత్తయ్యకు అందదు. ప్లైవుడ్‌తో ఒక బోగీ ముక్క, నాలుగు తలుపులూ అక్కరలేదు, ఒక్క తలుపు చాలు, చేయించమని మీ వాళ్లను పోరు. పొట్టివాళ్లు, లావువాళ్లు, సంచులవాళ్లు, అందరినీ ఎక్కించి దించు. గడియారం పట్టుకుని చూడు.

ఈ ఆదివారం ఖాళీ చేసుకుని ఇక్కడికి రా. అత్తయ్య చిక్కుడుకాయ కూర చేస్తానంటోంది. తిన్నాక నా చేతికర్ర నువ్వు పట్టుకో, నీ కుడి మోకాలికి ఒక కట్టు కడతాను, చేతిలో అయిదు కిలోల బియ్యం సంచి. అలా చిక్కడపల్లిలో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర మారి, అమీర్‌పేట వెళ్లి తిరిగొద్దాం. కొలతల టేపు తెచ్చుకో. బూట్లు కాదు, చెప్పులు వేసుకుని రా.

ఇట్లు,
మీ మామయ్య