మేకలు కాసే పిల్ల బాలకార్మికురాలేనా?

ప్రశ్న: మాది చేవెళ్ల దగ్గర పల్లె. మా అమ్మ పదేళ్లు వచ్చేదాకా మేకలు కాసిందట, బడి మొహమే చూడలేదు. తర్వాత ఎం.వి. ఫౌండేషన్ వాళ్ల క్యాంపులో కొన్ని నెలలుండి, అక్కణ్నుంచి బడిలో చేరానంటుంది. ఈ ఎం.వి. ఎవరు? మా జిల్లాలోనే ఎందుకు మొదలుపెట్టారు? క్యాంపు ఎందుకు, నేరుగా బళ్లో వేయొచ్చు కదా?
- డిగ్రీ విద్యార్థి, రంగారెడ్డి జిల్లా

జవాబు: ఎం.వి. అంటే మామిడిపూడి వెంకటరంగయ్య. చరిత్ర, రాజనీతి శాస్త్రం చదివినవాళ్లకి తెలిసిన పేరే, 1968లో పద్మభూషణ్ ఇచ్చారు. ఆయన పేరు మీద 1981లో పెట్టిన ఈ సంస్థ నిజానికి పిల్లల కోసం పుట్టింది కాదు, సామాజిక పరిశోధన కోసం. ఆయన మనవరాలు శాంతా సిన్హా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, శ్రామిక విద్యాపీఠం (కార్మికులకి చదువు నేర్పే కేంద్రం) పని మీద చుట్టుపక్కల పల్లెలకి వెళ్లేవారు. యూనివర్సిటీ ఉన్నది అప్పటి రంగారెడ్డి జిల్లాలోనే కాబట్టి మీ ఊళ్లే దగ్గర. అక్కడ వెట్టిలో పెద్దవాళ్లతో పాటు పిల్లలూ కనిపించారు. 1991 నుంచి సంస్థ పూర్తిగా పిల్లల వైపు తిరిగింది.

అసలు సంగతి ఇక్కడుంది. 1986 బాలకార్మిక చట్టం కొన్ని పనుల్లోనే పిల్లల్ని పెట్టుకోవద్దంది. మేకలు కాయడం, చెల్లెల్ని ఎత్తుకుని ఇంట్లో ఉండటం, కలుపు తీయడం దాని లెక్కలో పనే కాదు. ఫౌండేషన్ వాళ్లు మాత్రం బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నారు. రాత్రి బడులతో సర్దుకుందాం, పేదరికం పోతే వాళ్లే బడికొస్తారులే అని చాలామంది పెద్దమనుషులు అనే రోజుల్లో అది మొండి మాట. నాకు మాత్రం ఆ మొండితనమే నచ్చుతుంది, ఎందుకంటే పేదరికం పోయేదాకా ఆగితే మీ అమ్మ వయసు ఆగదు కదా!

ఇక క్యాంపు. పదేళ్ల పిల్లని తీసుకెళ్లి ఒకటో తరగతిలో ఆరేళ్ల పిల్లల పక్కన కూర్చోబెడితే సిగ్గుతో రెండో రోజే మేకల దగ్గరికి పోతుంది. అందుకే ఇంటికి దూరంగా, పని ధ్యాస లేకుండా కొన్ని నెలలు ఉంచి, చదవడం, రాయడం, లెక్కలు నేర్పి, వయసుకి తగ్గ తరగతిలో సర్కారు బడికే పంపేవారు. సొంత బడులు పెట్టి పోటీకి దిగలేదు. 2009 విద్యాహక్కు చట్టంలో కూడా బడి మానేసిన పిల్లల్ని వయసుకి తగ్గ తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని ఉంది. శాంతా సిన్హాకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి అధ్యక్షురాలయ్యారు.

2016లో ఆ బాలకార్మిక చట్టాన్ని మార్చి 14 ఏళ్లలోపు పిల్లలకి అన్ని పనులూ నిషేధించారు, కానీ బడి అయ్యాక, సెలవుల్లో ఇంటి పనికి సాయం చేయొచ్చని సందు వదిలారు. మీ అమ్మ కాసినవి ఇంటి మేకలేనా, ఆసామివా? ఓసారి అడగండి.