తీర్థంలో రేడియం గాజులు అమ్మబోయే అల్లుడికి

చిరంజీవి చిన్నబ్బాయికి, మావయ్య దీవించి రాయునది.

అంతర్వేది తీర్థంలో చీకట్లో వెలిగే రేడియం గాజులు అమ్ముతానన్నావుట. జనం అలా అంటారు గానీ అందులో రేడియం చుక్కయినా ఉండదు. పైన మెత్తటి ప్లాస్టిక్ గొట్టం, దాన్నిండా నూనెలాంటి ద్రవంలో కలిపిన రంగు, ఆక్సలేట్ అనే మందు. మధ్యలో సన్నటి గాజు గొట్టం, అందులో హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే ఇంకో మందు. వంచితే లోపలి గాజు పుటుక్కున విరిగి రెండూ కలుస్తాయి. అప్పుడు పుట్టే శక్తిని రంగు అందుకుని వెలుగుగా వదులుతుంది. మంటా లేదు, ఆపే మీటా లేదు. అందుకే కొట్టు కళకళలాడాలని సాయంత్రమే కట్టలకి కట్టలు విరిచెయ్యకు. నమూనాకి నాలుగు చాలు, మిగతావి కొన్నవాళ్ల ఎదుటే విరిచి ఇవ్వు.

మధ్యలో ఒక్కచోట వంచితే సగమే వెలుగుతుంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండంగుళాలకోసారి కొద్దికొద్దిగా వంచుకుంటూ పో. టిక్కుమనగానే వదిలేసి, చివర బాగా ఊపు. విరిగినచోటే మళ్లీ వంచావో, గాజుపెంకు ప్లాస్టిక్‌ని పొడిచి మందు కారుతుంది.

వేణ్ణీళ్లలో వేస్తే ధగధగా వెలిగి తొందరగా ఆరిపోతుంది. పొయ్యి మీదా, ఓవెన్లోనూ పెడితే పగిలి మొహాన చిమ్ముతుంది. చలికి వెలుగు తగ్గుతుంది గానీ ఎక్కువసేపు నిలుస్తుంది. దశమి రాత్రి కల్యాణానికి విరిచి మిగిలినవాటిని కవర్లో చుట్టి, రొయ్యలవాళ్ల థర్మాకోల్ పెట్టెలో ఐసు మధ్య ఉంచితే ఏకాదశి రాత్రికి కొంత వెలుగు మిగలొచ్చు. వాటికి కొత్తవాటి ధర చెప్పకు, అది మోసం. విరవనివాటి రేకు కవరు ముందే విప్పకు. మన కోనసీమ తేమకి సరుకు పాడవుతుంది.

నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి ఇవ్వనే ఇవ్వకు, తల్లి అడిగినా సరే. ఎవరైనా కొరికితే గుడ్డతో నోరు తుడిచి, పుక్కిలింపించి, కాసిని మంచినీళ్లు తాగించు. వాంతి చేయించొద్దు. గాజుపెంకు మింగినట్టున్నా, ఊపిరాడకపోయినా ఆస్పత్రికే. కంట్లో పడితే నలపనివ్వకుండా పదిహేను నిమిషాలు మంచినీళ్లతో కడగాలి, మంట తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి. సముద్రపు నీళ్లు పనికిరావు గనక బిందెడు మంచినీళ్లు, సబ్బు, పాతగుడ్డ కొట్లోనే పెట్టుకో. కారిన మందు బట్టకి మరకేస్తుంది, బల్ల మీది వార్నిష్ పాడుచేస్తుంది.

ఆరిపోయినవాటిని కోసి చూడబోకు, ఇసకలోనో గోదాట్లోనో పారెయ్యకు. లోపల గాజుపెంకులు అలాగే ఉంటాయి. గోనెసంచీలో వేసి చెత్తబండికి ఇచ్చెయ్.

కొట్టు కట్టేశాక ఓసారి దీపం ఆర్పి చేతులు చూసుకో. వేళ్లు మెరుస్తుంటే అన్నం ముట్టకముందే సబ్బుతో రెండుసార్లు కడుక్కో.

మీ మావయ్య