లెక్క ప్రకారం బరువు తగ్గడం లేదెందుకు?

ప్రశ్న: నా బరువు 82 కిలోలు. రోజూ 45 నిమిషాలు వేగంగా నడుస్తున్నాను. వాచ్ 400 కేలరీలు ఖర్చయ్యాయని చూపిస్తోంది. తిండిలో మరో 300 తగ్గించాను. కిలో కొవ్వుకు 7,700 కేలరీల చొప్పున నెలకు 2.7 కిలోలు తగ్గాలి కదా? ఒకటిన్నరే తగ్గాను. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ వద్దమ్మా, ఒకటిన్నర కిలోలు మంచి ఫలితమే. తేడా ఎక్కువగా ఆ 400 దగ్గరే వచ్చింది. గంటకు ఐదున్నర కిలోమీటర్ల వేగంతో నడిచినా, మీ బరువుకు అదనంగా ఖర్చయ్యేది 200 చుట్టుపక్కలే. ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే కేలరీలను కూడా చాలా వాచ్‌లు అందులో కలిపేస్తాయి. 200, 300 కలిపి నెలకు లెక్కేస్తే దాదాపు 2 కిలోలు. మిగిలిన అర కిలో తిండి లెక్కలో జారిపోయి ఉండొచ్చు. నేను బరువు తగ్గేటప్పుడు మూడు వారాలు వంటనూనె రాయడమే మర్చిపోయాను. ఒక పెద్ద చెంచా నూనెలోనే 120 కేలరీలు ఉంటాయి! ఒళ్లు తగ్గేకొద్దీ అదే నడకకు ఖర్చు కూడా తగ్గుతుంది. ఒంట్లో నీటి వల్ల బరువు రోజూ కిలో అటూఇటూ అవుతుంది కాబట్టి వారం సగటు చూడండి. వచ్చే నెలకు కిలోన్నర అనుకోండి, తిండి మాత్రం ఇంకా తగ్గించకండి.