ఓవర్‌క్లాకింగ్ చేస్తానంటున్న మేనల్లుడికి

చి॥ కార్తీక్‌కి,

మామయ్య ఆశీస్సులు. కంప్యూటర్ కోసం వాట్సాప్‌లో నువ్వు పంపిన పార్టుల లిస్టు చూశాను. ఫోన్‌లో చెబితే సగం వింటావు, మిగతా సగానికి "సరే మామయ్యా" అంటావు. అందుకే రాసి పంపిస్తున్నా.

ప్రాసెసర్‌గా ఇంటెల్ ఐ5 12400ఎఫ్ రాసి, ఓవర్‌క్లాకింగ్ (అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే చిప్‌ని ఎక్కువ వేగంతో నడపడం) కోసమని పక్కన జెడ్690 మదర్‌బోర్డు పెట్టావు. ఆ ప్రాసెసర్ వేగం పెంచే వీల్లేకుండా లాక్ అయి వచ్చేదిరా. ఇంటెల్‌లో పేరు చివర 'కె' ఉన్నవాటికే మామూలుగా మల్టిప్లయర్ (చిప్ వేగాన్ని తేల్చే గుణకం) పెంచుకునే వీలుంటుంది, అదీ జెడ్ రకం బోర్డు మీదే. బోర్డుకి అంత డబ్బు పోసి, దేనికోసం పోశావో అది వాడుకోలేవు. పోనీ రెండూ సరైనవే కొందామంటే, మీ నాన్న ఇస్తానన్న అరవై వేలలో గ్రాఫిక్స్ కార్డుకి మిగిలేది చిల్లరే.

నీ బడ్జెట్‌లో ఏఎండీ రైజెన్ 5 5600 చూడు. ఆరు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). 2022లో వచ్చింది కదా, పాతదని మొహం చిట్లించకు. రైజెన్‌లో 5800ఎక్స్3డీ లాంటివి కొన్ని తప్ప దాదాపు అన్నీ అన్‌లాక్ అయ్యే వస్తాయి. బోర్డు మాత్రం బీ450 గానీ బీ550 గానీ ఉండాలి. షాపులో ఏ520 చూపించి "ఇదే సాకెట్ బాబూ, ఇదే ప్రాసెసర్ పడుతుంది" అంటారు. పడుతుంది, అబద్ధం కాదు. ప్రాసెసర్ వేగం పెంచే వీలు ఆ చిప్‌సెట్‌లో లేదు, అంతే. బోర్డు కొనేముందు సాకెట్ పక్కన కరెంటు సరఫరా చేసే భాగం మీద హీట్‌సింక్ దిమ్మలు ఉన్నాయో లేదో చూడు. బోసిగా ఉంటే వద్దు. పాత స్టాకైతే బయాస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) పాతదై 5600ని గుర్తుపట్టకపోవచ్చు. షాపులోనే అప్‌డేట్ చేయించి, ఆన్ చేసి చూపించమను.

అసలు ఓవర్‌క్లాకింగ్‌తో ఎంత వస్తుందో తెలుసుకో. 1998లో సెలెరాన్ 300ఏ అని ఒకటి వచ్చింది. చిప్‌కీ బోర్డుకీ మధ్య డేటా నడిచే దారి (బస్) వేగం 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ 450లో పరిగెత్తేది. సగానికి సగం ఊరికే వచ్చినట్టు! ఇప్పుడు ఆ మిగులంతా ఫ్యాక్టరీ వాళ్లే బూస్ట్ పేరుతో ముందే పిండేస్తున్నారు. 5600 తనంతట తానే 4.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. నువ్వు పీబీఓ (బూస్ట్‌ని ఇంకాస్త పెంచే ఏఎండీ సెట్టింగ్) ఆన్ చేసి ఇంకో 200 మెగాహెర్ట్జ్ లాగొచ్చు. పైగా ఆటలో గ్రాఫిక్స్ కార్డు 99 శాతం దగ్గర పనిచేస్తుంటే, ప్రాసెసర్‌ని ఎంత తరిమినా సెకనుకి వచ్చే ఫ్రేములు పెరగవు. కాబట్టి డబ్బులో పెద్ద ముక్క కార్డుకే. ఆర్‌ఎక్స్ 6600, 8 జీబీది, ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కి చాలు. 132 వాట్లే తింటుంది. అన్నట్టు, 5600లో సొంత గ్రాఫిక్స్ ఉండవు. మానిటర్ కేబుల్ కార్డుకి పెట్టాలి. బోర్డుకి పెట్టి "డిస్‌ప్లే రావట్లేదు" అని అర్ధరాత్రి ఫోన్ చెయ్యకు.

ర్యామ్ ఒకే 16 జీబీది కాకుండా 8 జీబీవి రెండు తీసుకో, 3200 లేదా 3600 వేగంవి. పెట్టాక బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని డబ్బా మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చెయ్యాలి. 3200 ర్యామ్ కొని, అది ఆన్ చెయ్యక ఏళ్ల తరబడి 2400లోనో 2666లోనో నడుపుకునేవాళ్లు బోలెడంత మంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర స్పీడ్ కనిపిస్తుంది, చూసుకో.

ఇక నాకు టెన్షన్ పెట్టింది నీ ఎస్‌ఎమ్‌పీఎస్, అదే కంప్యూటర్‌కి కరెంటు సరఫరా చేసే డబ్బా. కేబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చే "450 వాట్లు". డబ్బా మీద అంకె కాదు, పక్కనున్న స్టిక్కర్ చదువు. +12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి 12తో గుణించు. అక్కడ 16 అని ఉంటే నిజంగా పనికొచ్చేది 192 వాట్లే. ప్రాసెసర్, కార్డు రెండూ బతికేది ఆ లైను మీదే. పేరున్న కంపెనీది, 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర) ఉన్నది తీసుకో. దీని దగ్గర బేరమాడకు, కావాలంటే లైట్ల ఫ్యాన్లు మానెయ్. ముందు అద్దమున్న కేబినెట్ కూడా వద్దు, జాలీ ఉన్నది కొను. గాలి ఆడకపోతే ఆ రంగులన్నీ పెళ్లి పందిట్లో సీరియల్ సెట్లే.

కూలర్ సంగతి. 5600తో వచ్చేది చిన్నది, మామూలుగా వాడుకోవడానికి సరిపోతుంది, నీ పనికి చాలదు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్, నాలుగు హీట్‌పైపులు ఉన్న టవర్ కూలర్ ఒకటి పెట్టు. నీళ్ల కూలర్ ఈ ప్రాసెసర్‌కి దండగ. కానీ గుర్తుంచుకో, గాలి కూలరైనా నీళ్ల కూలరైనా గది కంటే చల్లగా ఉంచలేవు. జనవరి రాత్రి 22 డిగ్రీల్లో 70 చూపించిన చిప్, మీ ఖమ్మంలో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో దగ్గరదగ్గర 90కి పోతుంది. అక్కడ తానే వేగం తగ్గించేసుకుంటుంది. సెట్టింగులు ఎండాకాలానికి సరిపోయేలా పెట్టుకో.

బిగించాక మొదటి వారం ఏదీ ముట్టుకోకుండా వాడు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో వేడి ఎంతుందో రాసి పెట్టుకో. తర్వాత ఎక్స్‌ఎంపీ, ఆ తర్వాత కార్డు, చివర్లో ప్రాసెసర్. ఒకసారికి ఒకటే మార్చు, ప్రాసెసర్‌ని పరీక్షించే సినీబెంచ్ అరగంట నడుపు. వోల్టేజీ చేత్తో పెంచితే 1.3 వోల్టులు దాటకు. ఆన్ అవ్వడం మానేస్తే కంగారుపడకు. ప్లగ్ పీకేసి, బోర్డు మీదున్న బటన్ సెల్లు తీసి, కొన్ని నిమిషాలాగి మళ్లీ పెట్టు. మామూలు సెట్టింగులకి వచ్చేస్తుంది. ఓవర్‌క్లాకింగ్‌తో పాడైతే వారంటీ వర్తించదని కంపెనీ ముందే చెబుతుంది, అది తెలిసే దిగు.

మీ ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందంటే లేనట్టే.

ధరలు రాయట్లేదు, రోజుకో రేటు నడుస్తోంది. సికింద్రాబాద్ వస్తే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు షాపులు తిరుగు, మొదటి షాపులోనే అడ్వాన్స్ ఇవ్వకు. జీఎస్టీ బిల్లు అడుగు, సీరియల్ నంబర్లు దాని మీద రాయించు. ఖాళీ డబ్బాలు పాత సామాన్లవాడికి వెయ్యొద్దని మీ అమ్మకి ముందే చెప్పు. లిస్టు మార్చి పంపు, చూస్తాను.

మీ మామయ్య