పాత లారీలంటే ఇష్టం, పెద్దవాళ్ళతో స్నేహం: ఇందులో వింతేమీ లేదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీకు ఇరవై ఆరేళ్ళు, ఉండేది గుంటూరు. పాత లారీలంటే ప్రాణం. మీ ఈడువాళ్ళ కన్నా డెబ్భై దాటిన డ్రైవర్లు, మెకానిక్కుల దగ్గర కూర్చుంటేనే మీకు పొద్దు గడుస్తుంది. ఇంట్లోవాళ్ళేమో "ముసలాళ్ళతో నీకేం పని" అంటున్నారు. ఇది మామూలేనా, ఈ స్నేహాలు ఎలా నిలుపుకోవాలి అని అడిగారు.

మామూలే. నాదీ అదే దారి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్‌పార్టుల కొట్లో లెక్కలు రాసే పనిలో చేరినప్పటినుంచి నా దగ్గరి స్నేహితుల్లో సగంమంది మా నాన్నగారి కన్నా పెద్దవాళ్ళు. మీ విషయంలో లారీల ఇష్టం ఒకటి, పెద్దవాళ్ళ ఇష్టం ఇంకొకటి అని నేను అనుకోవట్లేదు. పాత లారీ ఇప్పుడు చాలావరకు ఆ మనుషుల చేతుల్లో, చెవుల్లోనే మిగిలింది. బండి కావాలంటే వాళ్ళ దగ్గరికి వెళ్ళాల్సిందే.

కార్ల సంగతి వేరు. పాత కారుని షెడ్డులో పెట్టి తుడుచుకునేవాళ్ళున్నారు, ర్యాలీలున్నాయి. యాభై ఏళ్ళు దాటిన బండ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తూ 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన కూడా టూవీలర్లకీ కార్లకీ మాత్రమే, సరుకు లారీ అందులో లేదు. లారీ కూడు పెట్టినన్నాళ్ళు తిరుగుతుంది, ఆ తర్వాత ఇంజను ఒకచోటికి, ఇరుసులు ఇంకోచోటికి, మిగతాది తుక్కుకి పోతుంది. మన వైపు అందరూ బెంజి లారీ అనే పిలిచే పాత టాటానే చూడండి. 1954లో టాటాల టెల్కో కంపెనీ జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో వాటి తయారీ మొదలుపెట్టింది. 1969లో ఒప్పందం ముగిసింది, మూతి మీద మూడు కొమ్మల నక్షత్రం పోయి 'టి' అక్షరం వచ్చింది. జనం మాత్రం బెంజి అనడం మానలేదు. రోడ్ల నిండా తిరిగిన ఆ బండి ఇప్పుడు పూర్తి రూపంలో ఎక్కడైనా కనబడితే నేను బైకు పక్కకి తీసి ఆగిపోతాను.

ఆ రోజుల్లో కంపెనీ నుంచి లారీ అంటే వచ్చేది ఛాసిస్సూ (కింది ఇనప చట్రం) ఇంజనూ మూతీ, అంతే. క్యాబిన్ ఉండదు, తలుపులుండవు. తలకి తువ్వాలు చుట్టుకుని, తాత్కాలికంగా బిగించిన సీటు మీద కూర్చుని, జంషెడ్‌పూర్ నుంచి ఇక్కడిదాకా డ్రైవర్లు దాన్ని ఆరుబయటే తోలుకొచ్చేవాళ్ళు. ఆటోనగర్‌లో వడ్రంగులు చెక్కతో క్యాబిన్ కట్టి, బాడీ కట్టి, పెయింటరు అమ్మవారి బొమ్మ వేశాక అది లారీ అయ్యేది. అలా ఛాసిస్సులు తోలిన ఒక పెద్దాయన నాకు బాగా దగ్గర, బాబాయ్ అంటాను. "వాన ఫర్వాలేదు అబ్బాయ్, తడిస్తే ఆరతాం. సాయంత్రం పురుగులే. నోరు తెరిస్తే లోపలికే," అని చెప్పారోసారి. ఇది ఏ కంపెనీ చరిత్రలో రాస్తారు?

ఈయన దగ్గరే నేను డబుల్ క్లచ్, అంటే ఒక్క గేరు మార్చడానికి క్లచ్ రెండుసార్లు తొక్కడం, నేర్చుకున్నాను, అదీ లారీ లేకుండా. ఇంటి అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూపిస్తారు. ఆ పాత గేరుబాక్సుల్లో వేగాలని తనే కలిపే సింక్రోమెష్ లేదు, పళ్ళ చక్రాల వేగాలు కలిస్తే తప్ప గేరు పడదు, గరగరమని అరుస్తుంది. "క్లచ్ తొక్కు. న్యూట్రల్‌కి తే. క్లచ్ వదులు. కాస్త రేజ్ చెయ్. ఇప్పుడు మళ్ళీ తొక్కి, కింద గేరు వెయ్." ఎంత రేజ్ చెయ్యాలి బాబాయ్ అంటే మీటరు సంగతి ఎత్తరు, నోటితో ఇంజను చప్పుడు చేసి వినిపిస్తారు, ఖాళీ బండికి ఒకలాగా, పది టన్నుల లోడుకి ఇంకోలాగా. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోయింది, కర్ర లేనిదే లేవలేరు. అయినా ఆ కుర్చీలో కూర్చుని చూపిస్తున్నంతసేపు కాలు ఎక్కడా తడబడదు. కుడిచెయ్యి పిడికిలి గాలిలో స్టీరింగు అంచు మీద ఉంటుంది, ఎడమచెయ్యి గేరు రాడ్డు మీద.

ఆయన క్లీనరుగా చేరిన కొత్తలో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు బండి వెనకాల చెక్కదిమ్మ పట్టుకుని నడిచేవారట. లోడు బండి ఎత్తు మీద ఆగి వెనక్కి జారబోతే వెనక చక్రం కింద దిమ్మ పడాలి. అది క్లీనరు పని. చీకట్లో ఆ అడవిలో బండి వెనకే నడిచిన కుర్రాడికి అప్పుడు పద్నాలుగేళ్ళు. ఆయనకి పని నేర్పిన డ్రైవరు రెండో ప్రపంచయుద్ధం నాటివాడు. అప్పట్లో పెట్రోలు దొరక్క, బండి వెనక బొగ్గు పొయ్యి కట్టి ఆ గ్యాసుతోనే బస్సులూ లారీలూ నడిపేవాళ్ళు. బయల్దేరాలంటే ముందుగా లేచి పొయ్యి రాజెయ్యాలి. నేను ఆ డ్రైవరుని చూడలేదు, కానీ ఆయన తిట్లు కూడా నాకు తెలుసు. పెద్దవాళ్ళ దగ్గర కూర్చోవడంలో నాకు బాగా నచ్చేది ఇదే. వాళ్ళకి నేర్పినవాళ్ళు కూడా మన పక్కకొచ్చి కూర్చుంటారు.

ఇక ఈ స్నేహాలు ఎలా నిలుపుకోవాలి అన్నారు కదా. అది మాటతోనే మొదలు. "మీ రోజుల్లో ఎలా ఉండేదండీ" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకి ఎవరైనా "ఆ రోజులే వేరు బాబూ" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. పని గురించి అడగండి. డీజిల్ అయిపోయి గొట్టాల్లో ఎయిర్ పడితే దారిలో ఎలా తీసేవారు? ఫిల్టరు మీద స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొడుతూ బుడగలు ఆగేదాకా చూసి బిగించడం, అంతే కదా అనిపిస్తుంది. కానీ ఆ జవాబులోనే అది ఏ ఊరి దగ్గర, ఎవరు లైటు పట్టుకున్నారు, లారీలో నూజివీడు మామిడిపళ్ళు మగ్గిపోతుంటే ఎంత కంగారు పడ్డారు, అన్నీ వచ్చేస్తాయి. వీలైతే పాత పార్టు ఒకటి పట్టుకెళ్ళండి. నేనొకసారి తుప్పు పట్టిన నాజిల్ (ఇంజనులోకి డీజిల్ చల్లే ముక్క) ఒకటి మా మెకానిక్ మేస్త్రీ గారి చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా వేలితో తడిమి ఏ పంపు మీదిదో చెప్పేశారు. తర్వాత రెండు గంటలు నేను నోరు తెరవాల్సిన పని పడలేదు.

ఒకే కథ మళ్ళీ చెబుతుంటే "ఇది చెప్పారండీ" అనకండి. కృష్ణ మీద కనకదుర్గ వారధి 1995లో వచ్చింది, అంతకుముందు హైవే లారీలన్నీ ప్రకాశం బ్యారేజీ మీదుగా పోయేవి. ఆ బ్యారేజీ మీద బండి ఆగిపోయిన కథ నేను ఎన్నిసార్లు విన్నానో. ఒకసారి విన్నప్పుడు ట్రాఫిక్ గొడవలా ఉంది, ఇంకోసారి విన్నప్పుడు ఆ రోజు ఇంటి దగ్గర కూతురు పుట్టిందని తెలిసింది. ఇంకో సంగతి, జీవితమంతా ఇంజను పక్కన కూర్చున్నవాళ్ళకి చెవి దెబ్బతింటుంది. ఏ చెవి బాగా వినిపిస్తుందో గమనించి ఆ పక్కన కూర్చోండి. గట్టిగా అరిచి మాట్లాడటం కన్నా అదే మర్యాద.

ఆడవాళ్ళని వదిలెయ్యకండి, ఇది గట్టిగా చెబుతున్నాను. లారీ కథలన్నీ మగవాళ్ళే చెబుతారు. బాబాయ్ సొంత బండి కొన్నాక ఫైనాన్సు కంతులు, డ్రైవరు బత్తాలు, టైర్ల బాకీలు, డీజిల్ బిల్లులు అన్నీ రాసింది పిన్నిగారు. ఆయన ఊళ్ళో ఉండేదే తక్కువ. కంతుల వాళ్ళు గుమ్మంలోకి వస్తే మాట్లాడి పంపింది ఆవిడే. నోటుపుస్తకాలు ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఒకరోజు నేను వాటిని అడిగి చూస్తుంటే ఆవిడ పక్కన కూర్చుని ఒక్కో అంకె దగ్గరా ఆగి చెప్పారు: ఇది వరదల్లో బండి ఆగినప్పటి ఖర్చు, ఇది గాజులు తాకట్టు పెట్టి వేసిన టైరు. వాళ్ళబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చి ఉన్నాడు అప్పుడు, "మా అమ్మ ఇవన్నీ మాకెప్పుడూ చెప్పలేదండీ" అన్నాడు. అతనిలో లోపమేమీ లేదు. కన్నపిల్లల దగ్గర పెద్దవాళ్ళు చాలా మాటలు దాచుకుంటారు, మందుల గురించీ మనవల గురించీ మాట్లాడి ఊరుకుంటారు. బయటివాడిగా మనకున్న వీలు అది.

అందరూ ఇలాగే ఉంటారని కాదు. కొందరికి మాట్లాడటం ఇష్టం ఉండదు. యాక్సిడెంట్ల గురించి ఎప్పుడూ తవ్వకండి. రాత్రిపూట రోడ్డు మీద ఏదో చూసినవాళ్ళే అందరూ, చెప్పాలనుకుంటే వాళ్ళే చెబుతారు. ఫోనులో రికార్డు చెయ్యాలనిపిస్తే ముందు అడగండి, అదీ బాగా పరిచయమయ్యాకే. ఇంకొకటి, ఎప్పుడూ వినేవాడిగా మాత్రమే ఉండిపోకండి. మీ ఉద్యోగం, మీ ఇబ్బందులు కూడా చెప్పండి. సలహా కోసం కాదు, స్నేహితుడన్నాక రెండువైపులా ఉండాలి. మా మేస్త్రీ గారికి ఫోనులో పింఛను డబ్బులు పడ్డాయో లేదో నేను చూసి పెడతాను, నా బైకు చప్పుడు మారితే ఆయన దూరం నుంచే ఆపమంటారు.

ఈ స్నేహంలో ఒక కష్టం ఉంది, దాచను. వీళ్ళు మనకన్నా ముందు వెళ్ళిపోతారు. ఇంటికి కబురొస్తుంది, వెళ్ళి పెద్దకర్మ నాడు ఓ మూల కూర్చుంటే "మీరు ఆయనకి ఏమవుతారు" అని బంధువులు అడుగుతారు. నేను స్నేహితుణ్ణి అనే చెబుతాను. వాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి. ఆ బాధకి భయపడి దూరంగా ఉంటే ఈ మనుషులు మనకి అసలే దక్కరు. నేనైతే ఆ బాధనే కోరుకుంటాను.

గుంటూరులోనూ ఆటోనగర్ ఉంది కాబట్టి మీరు దూరం పోనక్కర్లేదు. బాడీ బిల్డింగ్ షెడ్లలో పాత వడ్రంగులెవరైనా ఉన్నారేమో ముందు వాకబు చెయ్యండి, చెక్క క్యాబిన్ కట్టినవాళ్ళు మెకానిక్కుల కన్నా తొందరగా తగ్గిపోతున్నారు. పనివేళల్లో వెళ్ళి అడ్డం నిలబడకండి, పొద్దున్న టీల దగ్గర పరిచయం చేసుకోండి. ఇంట్లోవాళ్ళు ఇంకా అభ్యంతరపెడితే ఒకసారి మీ నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్ళండి. విజయవాడ వచ్చేటట్లయితే ఇక్కడే కింద ఒక మాట రాయండి. మేస్త్రీ గారి షెడ్డుకి ఆదివారం సెలవు, ఆ రోజు ఆయన తీరిగ్గా ఉంటారు.