ఊగో దెల్ కార్రిల్ సినిమాలు ఏ వరుసలో చూడాలి?

అర్జెంటీనా టాంగో గాయకుడు, నటుడు, దర్శకుడు ఊగో దెల్ కార్రిల్ సినిమాలు చూద్దామని 1937 నాటి మొదటిది పెట్టుకుంటే, ఆయన ఒక పాటకి కనిపించి వెళ్లిపోయాడు, ఇంత పేరెందుకో అర్థం కాలేదు అని మీరు అడిగారు. తప్పు మీది కాదు. సంవత్సరాల వరుసలో చూస్తే ఈయన అందడు. నా మాట వింటే 1952 దగ్గర మొదలుపెట్టి, 1956 సినిమా ఒకటి చూసి, ఆ తర్వాత వెనక్కి వెళ్లండి.

ఆ ఏడాది సినిమా 'లాస్ అగువాస్ బహాన్ తూర్బియాస్'. దర్శకుడూ ఆయనే, కథానాయకుడూ ఆయనే. అర్జెంటీనాలో పరానా నది ఎగువన యెర్బా మాతె (టీలా కాచుకుని తాగే ఆకు) తోటల్లో కూలీల బతుకు: ముందు బయానా ఇచ్చి పడవెక్కిస్తారు, తర్వాత తోట కొట్లో సరుకుల ధరలు పెంచి ఆ అప్పు ఎన్నటికీ తీరకుండా చూస్తారు. మూలం ఆల్ఫ్రెదో వరేలా నవల. కమ్యూనిస్టు అయినందుకు వరేలా అప్పటికి అధ్యక్షుడు పెరోన్ ప్రభుత్వంలో జైల్లో ఉన్నాడు. ఇటు కార్రిల్ ఏమో 1949లో అదే పెరోన్ పార్టీ గీతం రికార్డు చేసిన మనిషి. ఈ రెండూ కలిపి తలుచుకుంటేనే ఆ సినిమా తెగువ తెలుస్తుంది. నటనలో గమనించాల్సింది ఆయన ఎంత తక్కువ మాట్లాడతాడో.

రెండోది 'మాస్ అయా దెల్ ఒల్విదో', 1956. చనిపోయిన భార్య పోలికలున్న మరో స్త్రీని ఆమెలాగే మార్చాలని చూసే భర్త కథ. రెండు పాత్రలూ లౌరా ఇదాల్గోవే. ఇలాంటి కథే ఉన్న హిచ్‌కాక్ సినిమా 'వెర్టిగో' రెండేళ్ల తర్వాత వచ్చింది. అయితే దీన్నుంచి అది పుట్టిందనుకోకండి. దీని మూలం రోదెన్‌బాక్ నవల, 'వెర్టిగో' మూలం వేరే ఫ్రెంచి నవల. 1955 సెప్టెంబరులో పెరోన్ ప్రభుత్వం కూలాక కార్రిల్ కొంతకాలం జైలుపాలయ్యాడు. ఆయన కెరీర్‌లో అతి పెద్ద దెబ్బ అదే.

ఇప్పుడు వెనక్కి వెళ్లండి. 1935లో విమాన ప్రమాదంలో టాంగో గాయక తార కార్లోస్ గార్దెల్ పోయాడు, స్టూడియోలకు పాడగల హీరో కావాలి. 1939లో గార్దెల్ జీవితం మీద తీసిన సినిమాలో ఆయన పాత్రే కార్రిల్‌కి దక్కింది. 1945 నాటి 'లా కబల్గాతా దెల్ సిర్కో'లో జోడీ నటి, గాయని లిబెర్తాద్ లమార్కె. చిన్న పాత్రలో ఎవా దువార్తె, అంటే తర్వాత పెరోన్ భార్య అయిన ఎవా పెరోన్. మిగతా పాటల సినిమాలు తీరిక ఉంటేనే.

కాపీల విషయంలో ఒక జాగ్రత్త. నెట్‌లో దొరికేవాటిలో చాలావరకు టీవీ నుంచి పట్టినవి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, అర్జెంటీనా టీవీ 25. ఫ్రేముకి ఫ్రేము ఎక్కిస్తే 100 నిమిషాల సినిమా 96లో అయిపోతుంది, గొంతు ఒక సెమిటోన్ (హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య తేడా)లో సుమారు ఏడు పదో వంతులు పైకి లేస్తుంది. కార్రిల్‌ది నిండైన గొంతు, అలా వింటే పలచబడిపోతుంది. ప్లేయర్‌లో వేగం 0.96 పెట్టండి. ఒక్క వేగమే తగ్గిస్తే చాలదు, శ్రుతి మారకుండా పట్టి ఉంచే ఆప్షన్ కూడా ఆపేయాలి, లేకపోతే గొంతు పైనే ఉండిపోతుంది. బొమ్మ 4:3లోనే ఉంచండి. తెర నిండా పరిస్తే మొహాలు వెడల్పవుతాయి, నింపడానికి కత్తిరిస్తే తలలు తెగుతాయి.

ఆటోమేటిక్ సబ్‌టైటిల్స్ మామూలు సంభాషణకి పరవాలేదు. టాంగో పాటల్లోని లున్‌ఫార్దో అనే బ్యూనస్ ఏర్స్ వీధి యాసకి మాత్రం పనికిరావు. సాహిత్యం విడిగా తెచ్చుకుని పక్కన పెట్టుకోండి. వెతికేటప్పుడు స్పానిష్ పేరుతోపాటు సంవత్సరం కూడా కొట్టండి.