ముంగిస కరిచిన గేదెకు రేబీస్ వస్తే, కుక్కకాటు టీకా పనిచేస్తుందా?

మీరు అడిగినవి రెండు. మీ ఊళ్లో పిచ్చెక్కి చచ్చిపోయిన గేదెను ముంగిస కరిచిందంటున్నారు కదా, మరి ఆ రేబీస్ కుక్కల రేబీస్ కాదా అని ఒకటి. కరోనాలా దీనికీ వేరియంట్లు ఉంటే పాత టీకా పనిచేస్తుందా అని ఇంకొకటి. ముందు టెన్షన్ తగ్గించే మాట చెబుతాను: టీకా పనిచేస్తుంది. గొంతులో ఏదో అడ్డుపడిందని ఆ గేదె నోట్లో చెయ్యి పెట్టి చూసినవాళ్లుంటే ఇక్కడితో ఆపి ఆస్పత్రికి బయల్దేరండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

నేను పశువైద్యుణ్ణి. పీజీలో నా పని రేబీస్ నమూనాల మీదే. జిల్లాల నుంచి చనిపోయిన కుక్కలవీ ఆవులవీ గేదెలవీ మెదడు ముక్కలు ఐసు డబ్బాల్లో వచ్చేవి. డబ్బాలో ఏముందో తెలిస్తే ఏ కండక్టరూ బస్సెక్కనివ్వడు. ఏం చెప్పి తెచ్చారో నేనెప్పుడూ అడగలేదు. వైరస్ జన్యువులో ఒక భాగాన్ని చదివి, ఏది దేనికి దగ్గరి చుట్టమో గీసి చూసేవాళ్లం. కుక్కలవన్నీ ఒక గుంపు, పశువులవన్నీ ఒక గుంపు అయ్యేవి కావు. ఒకే ప్రాంతం నుంచి వచ్చిన కుక్కా గేదే పక్కపక్కనే పడేవి. గేదె ఎవరినీ వెంటాడి కరవదు, కాబట్టి దానితో ఆ వైరస్ దారి ముగిసిపోతుంది. మన దేశంలో తరతరాలుగా దాన్ని మోస్తున్నవి కుక్కలే. ఎక్కువ చోట్ల కనిపించేది ఉత్తర ధ్రువపు నక్కల వైరస్‌కు చుట్టమైన ఆర్కిటిక్ తరహా శాఖ. దక్షిణాదిలో శ్రీలంక వైరస్‌తో కలిసే ఇంకో పాత శాఖ కూడా ఉంది. మీ గేదెను కరిచింది నిజంగా ముంగిసే అయినా, ఆ ముంగిసకు అది కుక్కల నుంచే వచ్చి ఉండే అవకాశం ఎక్కువ.

అన్ని దేశాల్లో ఇలాగే ఉండదు. దక్షిణాఫ్రికాలో ముంగిసల్లో వాటికే ప్రత్యేకమైన రేబీస్ తిరుగుతుంది. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రం ఫ్లాగ్‌స్టాఫ్‌లో 2001లో గబ్బిలాల వైరస్ స్కంక్ అనే జంతువుల్లోకి వచ్చి, ఒకదాని నుంచి ఇంకోదానికి పాకింది. ఒక జాతి నుంచి ఇంకో జాతికి దూకడం రేబీస్‌కు మామూలే, అక్కడ కాపురం పెట్టడమే అరుదు.

ఇక కరోనా సంగతి. విచిత్రమేమిటంటే, కాపీ తీసేటప్పుడు తప్పులు దిద్దుకునే ఏర్పాటు కరోనాకు ఉంది, రేబీస్‌కు లేదు. సుమారు 12 వేల అక్షరాల ఆర్‌ఎన్‌ఏలో తప్పులు పడుతూనే ఉంటాయి, నిలిచేవి మాత్రం తక్కువ. వైరస్ కాటు పడ్డ చోట నరంలోకి దూరాలి, మెదడుకు చేరాలి, అక్కణ్ణుంచి లాలాజల గ్రంథుల్లోకి దిగాలి. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చినా దాని కథ అక్కడితో సరి. అందుకే ప్రొటీన్‌ను మార్చని మార్పులే ఎక్కువగా మిగులుతాయి. నా దృష్టిలో ఇంతకంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. కరోనా నుంచి కోలుకున్నవాళ్లలో యాంటీబాడీలుంటాయి, వాటిని తప్పించుకున్న రకానికే తర్వాత లాభం. రేబీస్ నరాల్లో నక్కి ప్రయాణిస్తుంది, లక్షణాలు మొదలైన జంతువు దాదాపు బతకదు. ఎదురొచ్చే యాంటీబాడీలే లేనప్పుడు కొత్త వేషం దేనికి?

పాశ్చర్ కాలంలో, 1882లో పిచ్చెక్కిన ఆవు మెదడు నుంచి తీసిన వైరస్ సంతతితోనే ఇప్పటికీ కొన్ని టీకాలు తయారవుతున్నాయి. అవి నేటి కుక్కల రేబీస్ మీదా, ముంగిసల రేబీస్ మీదా పనిచేస్తాయి. ఈ టీకాకు లొంగని మొకోలా లాంటి వైరస్‌లు ఆఫ్రికాలో ఉన్నాయి గానీ, అవి రేబీస్‌కు దాయాదులే తప్ప రేబీస్ కావు.

గేదె చొంగ గీతల మీదో పుండ్ల మీదో పడినవాళ్లు ఆ చోటును సబ్బుతో, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. టీకాలు వెంటనే మొదలుపెట్టాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. పుండు పచ్చిగా ఉన్నప్పుడు చొంగ తగిలితే ఇమ్యూనోగ్లోబ్యులిన్ (ముందే తయారైన యాంటీబాడీల సూది) కూడా అడగండి, చాలామంది దాన్ని వదిలేస్తారు. కాచిన పాలు తాగడం తప్ప వేరే సంబంధం లేనివాళ్లకు సూదులు అక్కర్లేదు.